మోగేదాకా కూర్చో

ఉరుకుందు చేతికి లొంగని బండి అంటూ అంతవరకూ ఒక్కటీ లేదు. అందుకే తాయప్ప బండి అతని గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది.

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు పక్కన వలీ ఉస్తాద్‌కి మోటారుసైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉంది. ఉరుకుందు అక్కడే పని నేర్చుకున్నాడు. ఇంజను పనికి వేరేవాళ్లున్నారు. లైట్లు, హారను, సెల్ఫు, ఈమధ్య అందరూ పెట్టించుకుంటున్న దొంగల అలారాలు, వైరుతో నడిచేదేదైనా ఉరుకుందుదే. ఉస్తాద్ చూపు మందగించాక ఆ వైర్ల పనిబల్ల అతనికే అప్పజెప్పాడు.

"వైరు ఉరుకుందు చేయి పట్టుకుని తన బాధ చెప్పుకుంటుంది" అనేవాళ్లు జనం. ఒక మాట నలుగురూ అంటూ ఉంటే, విన్నవాడికి అది పుట్టుకతో వచ్చిన నిజమేమో అనిపిస్తుంది. ఉరుకుందుకూ అలాగే అనిపించింది.

తాయప్ప పత్తిమిల్లు గేటు దగ్గర రాత్రి కాపలా కాస్తాడు. ఊరు నిద్రపోయేటప్పుడు అతను మేలుకోవాలి. ఊరు మేలుకున్నాక అతను నిద్రపోవాలి. వయసు యాభై దాటింది. ఒకప్పుడు పగటిపూట అతను ఇంట్లో పడుకుని ఉండగా, వాకిట్లో పెట్టిన బండిని ఎవరో తోలుకుపోయారు. ఎలాగో తంటాలుపడి మరో పాతబండి తెచ్చుకున్నాడు గానీ, దాని పక్కనే మంచం వేసుకున్నా కన్ను మూతపడేది కాదు. చివరికి ఉరుకుందు చేతనే దానికి అలారం పెట్టించుకున్నాడు. ఆ రోజునుంచి హాయిగా నిద్రపోయాడు.

అలారం అంటే బ్రహ్మవిద్యేం కాదు. సీటు కింద సబ్బుపెట్టెంత పెట్టె ఒకటి ఉంటుంది. అది రెండు సంగతులు కనిపెట్టుకుని ఉంటుంది. ఎవరైనా బండిని కదిలిస్తే కాసేపు కుయ్ కుయ్ మని ఊరుకుంటుంది. తాళంచెవి లేకుండా ఎవరైనా దొంగతనంగా వైర్లు కలిపి బండికి కరెంటు అందిస్తే మాత్రం ఇక ఊరుకోదు. రిమోటు నొక్కి ఆపేదాకా గొంతు చించుకుని ఏడుస్తూనే ఉంటుంది. మొదటిది వీధిలో మనిషిని చూసి కుక్క మొరిగినట్టు. రెండోది దొంగ ఇంట్లోకే వచ్చాడని ఇల్లాలు కేకపెట్టినట్టు. రెండూ ఒకటి కావు.

కొంతకాలం బాగానే గడిచింది. తర్వాత ఆ అలారం, ఎవరూ ముట్టుకోకుండానే, పట్టపగలు తాయప్ప నిద్రలో ఉండగా మోగడం మొదలుపెట్టింది.

"ఏడుపు మొదలుపెడితే ఆపదప్పా. నేను లేసి నొక్కిందాంక ఆపదు," అని మొదటిసారి వచ్చినప్పుడే చెప్పాడు తాయప్ప.

ఉరుకుందు ఆ మాట వింటూనే సీటు విప్పేశాడు. పెట్టెకు కదలిక పసిగట్టే గుణం ఎక్కువైందనుకుని దాన్ని బాగా తగ్గించాడు. బండి పంపేశాడు.

తాయప్ప మళ్లీ వచ్చాడు. ఉరుకుందు బ్యాటరీ మార్చాడు. మళ్లీ వచ్చాడు. ఈసారి పెట్టెనే తీసేసి కొత్తది పెట్టాడు. హెడ్‌లైటు విప్పి, వెనకున్న వైర్లన్నీ వేళ్లతో తడిమి చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. అలారం వేసి పొద్దంతా షెడ్డులో పెట్టుకుని చూశాడు. బండి నోరెత్తలేదు.

"రాత్రి మిల్లుకాడ మోగుతాందా?" అని అడిగాడు.

"లేదప్పా. పగలే. ఇంటికాడనే."

"చూసినావా మరి! మీ వీధి పిల్లోళ్లు కదిలిస్తాండారు. వాళ్లను రెండు అదిలించు, సరిపోతాది."

తాయప్ప తలూపి వెళ్లాడు. పిల్లల్ని అదిలించాడు కూడా. పాపం వాళ్లు ఏమీ ఎరగరు.

మళ్లీ అతను బండి నడిపించుకుంటూ షెడ్డు ముందుకు వచ్చేసరికి, ఉరుకుందుకు ఒళ్లు మండింది. ఎదురుగా బండ్లు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు నలుగురైదుగురు బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు. వాళ్లలో ఒకడు, "ఏమప్పా ఉరుకుందూ, నీ చుట్టం మళ్లీ వచ్చినాడే," అన్నాడు.

ఆ మాట సూదిలా గుచ్చుకుంది.

"తాయప్పన్నా," అన్నాడు ఉరుకుందు, అందరికీ వినబడేటట్టు, "నీ బండికి ఏ రోగమూ లేదు. అలారం బండిలో మోగడంలేదు. నీ చెవిలో మోగుతాంది."

బెంచీ మీదివాళ్లు గొల్లుమన్నారు.

తాయప్పకు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి. అతను బండి హ్యాండిల్ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"నా చెవిలో మోగితే, వంటింట్లో ఉండే నా పెండ్లాం యాంటికి చీపురు తీసుకుని బయటికొస్తాదప్పా?" అన్నాడు నెమ్మదిగా.

నవ్వులు కాస్త తగ్గాయి.

"పోనీ, ఒక పని చేద్దాం," అన్నాడు ఉరుకుందు. "పీడా పోతాది. అలారం పీకేస్తా."

"పీకేస్తే నిద్ర రాదు. ఉంటే నిద్ర పోనీదు." అన్నాడు తాయప్ప. "మొన్న గేటుకాడ కూర్చున్నోణ్ణి కూర్చున్నట్టే కన్ను మూసినా. మేనేజరు చూసినాడు. ఇంకోసారి నిద్రపోతే గేటు బయటే ఉండు, లోపలికి రావద్దన్నాడు. ఈ వయసులో నాకు ఇంకెవరిస్తారప్పా పని? బండి బాగుచేయకపోయినా బాధలేదు. ఈ పొద్దు ఒక్కపూట నిద్రపోవాల. అంతే."

ఉరుకుందు జేబులోంచి టెస్టు ల్యాంపు తీశాడు. చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టిన సాధనం అది. ఏ వైరులో కరెంటు ఉందో దాంతో చూస్తారు. చూసిన వైర్లనే మళ్లీ చూద్దామని సీటు మీద చేయి వేశాడు.

షెడ్డు లోపలినుంచి వలీ ఉస్తాద్ లేచి వచ్చాడు. తెల్లటి టోపీ, మోకాళ్లదాకా మడిచిన లుంగీ, చేతుల నిండా గ్రీజు. అంతసేపూ ఆయన ఒక కార్బురేటరు కడుగుతూ కూర్చున్నాడు. అన్నీ విన్నాడు.

"తాయప్పా," అన్నాడు, "కడుపునిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది?"

బండి గురించి కాకుండా ఈ మాట తనను ఎవరూ అడగలేదన్నట్టు తాయప్ప ఆయన వైపు చూశాడు. వేళ్ల మీద లెక్కపెట్టబోయి మానేశాడు.

"గుర్తులేదు ఉస్తాద్."

"అయితే ఇక్కడ పండుకో."

"ఈడనా? ఈ చప్పుళ్లలోనా?"

"చప్పుళ్లకు మెలకువ వస్తాదా నీకు?"

తాయప్ప ఆలోచించాడు. "రాదు ఉస్తాద్. మా ఇల్లు కూడా రోడ్డు మీదనే గదా. ఎన్ని లారీలు పోయినా లేయను. నా బండి అరిస్తేనే లేస్తా."

"అట్లనే కానీ. ఇంటికాడ బండి ఎట్ల నిలబెడతావో, ఈడ కూడా అట్లనే నిలబెట్టు. ఇంటికాడ ఎట్ల పండుకుంటావో అట్లనే పండుకో."

ఉస్తాద్ లోపలినుంచి చాప తెచ్చి షెడ్డు పక్కన రేకు నీడలో తానే పరిచాడు. తాయప్ప బండిని రోడ్డు వారగా గోడ పక్కకు తోసుకెళ్లాడు. సైడు స్టాండు వేశాడు. హ్యాండిల్‌ను ఎడమవైపు చివరిదాకా తిప్పి తాళం తిప్పాడు. టక్కుమని లాక్ పడింది.

"అన్నా, అన్నా! ఈడ లాక్ వేయొద్దు," అన్నాడు ఉరుకుందు, అలవాటు కొద్దీ.

ఆ షెడ్డులో అదొక కట్టుబాటు. పొద్దంతా బండ్లను ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉండాలి. మధ్యలో ఒక్క బండికి లాక్ పడి ఉందంటే దాని వెనకవన్నీ ఇరుక్కుపోతాయి. అందుకని లోపలికొచ్చిన ప్రతి బండీ హ్యాండిల్ తిన్నగా, పెద్ద స్టాండు మీద నిలబడాలి. తాళంచెవులన్నీ గోడ మేకుకు తగిలించాలి. కొత్తగా చేరినవాడికి పానా పట్టుకోవడం కంటే ముందు నేర్పే పాఠం ఇదే. లాక్ వేసినవాడికి ఉస్తాద్ చేత తిట్లు ఖాయం.

ఆ ఉస్తాదే ఇప్పుడు చేయెత్తి ఉరుకుందును వారించాడు.

తాయప్ప రిమోటు నొక్కాడు. బండి కుయ్ మని బదులు పలికింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూశాడు. మరో రెండడుగులు వేసి మళ్లీ చూశాడు. చాప మీద కూర్చుని, యూనిఫారం చొక్కా విప్పి మడిచి తలకింద పెట్టుకున్నాడు. పడుకున్నాడో లేదో గురక వినబడింది.

ఉస్తాద్ ఉరుకుందు చేతిలోంచి టెస్టు ల్యాంపు తీసుకున్నాడు. చొక్కా జేబులోని స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. చెవి మీద పెట్టుకున్న వైరుముక్క కూడా తీసేసుకున్నాడు. ఖాళీ ఆయిల్ డబ్బా ఒకటి తెచ్చి, బండికీ చాపకూ మధ్యలో బోర్లించాడు.

"కూర్చో."

"కూర్చుని ఏం చేయాల ఉస్తాద్?"

"ఏమీ చేయొద్దు. ముట్టుకోవద్దు. మోగేదాకా కూర్చో."

"ఏం చూడాలో చెప్తే..."

"నేను చెప్తే నువ్వు అదొక్కటే చూస్తావు," అని ఉస్తాద్ లోపలికి వెళ్లిపోయి కార్బురేటరు ముందు కూర్చున్నాడు.

ఉరుకుందు కూర్చున్నాడు. పని చేసేవాడికి ఊరికే కూర్చోవడమంత శిక్ష లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ల మీద పెట్టాడు, చంకల్లో పెట్టాడు, మళ్లీ మోకాళ్ల మీదికి తెచ్చాడు. లోపల తన బల్ల దగ్గర హారను పలకని బండి ఒకటి, లైటు వెలగని బండి ఒకటి ఎదురుచూస్తున్నాయి.

బెంచీ మీదివాళ్లకు వేడుకగా ఉంది.

"ఏమప్పా ఉరుకుందూ, వాచ్‌మన్‌కే వాచ్‌మన్‌వయినావే!"

"చూడప్పా, బండి ఎటన్నా పోతాదేమో. కాలికి తాడు కట్టు!"

ఉరుకుందు పళ్లు కొరుక్కున్నాడు. బండి వైపు చూస్తూ కూర్చున్నాడు. బండి అతని వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి బెంచీ వాళ్ల పనులు అయిపోయి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఎండ ముదిరింది. బండిని ఎంతసేపని చూస్తాడు? చూపు చాప మీదికి వెళ్లింది.

తాయప్ప పక్కకు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అరికాళ్లు బీటలువారి ఉన్నాయి. చెప్పులు విడిచి దూరంగా పెట్టలేదు. లేస్తూనే కాళ్లు దూర్చేటట్టు, చాప అంచుకు తాకించి, బండి వైపు తిప్పి పెట్టుకున్నాడు. కుడిచేయి గుండెల మీద పిడికిలి బిగించి ఉంది. ఆ పిడికిట్లో రిమోటు. బొటనవేలు మీట మీదే ఉంది.

నిద్రలో మనిషి చేయి వదులవుతుంది. చంటిపిల్లల చేతిలో బొమ్మయినా, పెద్దవాళ్ల చేతిలో విసనకర్రయినా జారిపోతుంది. ఇతని చేయి వదులు కాలేదు. మనిషి మాత్రమే నిద్రపోతున్నాడు, చేయి కాపలా కాస్తూనే ఉంది.

ఉరుకుందు ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. ఇంతకుముందు ఇతను వచ్చిన ప్రతిసారీ తాను సీటునే చూశాడు, పెట్టెనే చూశాడు. ఈ మనిషి ముఖం ఎలా ఉంటుందో ఎవరైనా అడిగి ఉంటే చెప్పగలిగేవాడు కాదు.

పత్తి బేళ్లు నిండా వేసుకుని ఒక లారీ వచ్చింది. నేల అదిరింది. రేకు గడగడలాడింది. లారీ దాటిపోయింది.

బండి ఏడ్చింది.

కుయ్ కుయ్ మని కాదు. గొంతు చించుకుని, ఊపిరి తీయకుండా.

ఉరుకుందు లేవకముందే తాయప్ప లేచాడు. కళ్లు ఇంకా తెరవలేదు. అంత జాగ్రత్తగా పెట్టుకున్న చెప్పులు కూడా కాళ్లకు దొరకలేదు. ఎండకు కాలిన నేల మీద ఉత్తకాళ్లతో, చేతులు ముందుకు చాచి, గుడ్డివాడిలా పరిగెత్తాడు. సీటు చేతికి తగిలాక దాన్ని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"నా బండి... నా బండి..." అంటున్నాడు.

అప్పుడు కళ్లు తెరిచాడు. ఎక్కడున్నాడో తెలియడానికి కాస్త సమయం పట్టింది. రిమోటు నొక్కాడు. చుట్టూ నిశ్శబ్దమైపోయింది.

"ఉండాది. పోలేదు," అన్నాడు తనలో తాను. తర్వాత ఉరుకుందును చూసి సిగ్గుపడ్డాడు. "ఏమనుకోవద్దప్పా. అందరినీ అదరగొట్టినా."

మోగిందంటే తప్పు దొరికినట్టే. ఆ క్షణం కోసమే ఉరుకుందు ఇంతసేపూ కాచుకుని కూర్చున్నాడు. మోగగానే ఎగిరి బండి మీద పడాలనుకున్నాడు. కానీ కాళ్లు అటు కదల్లేదు. లోపలికి వెళ్లి కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచుకొచ్చి తాయప్ప చేతికిచ్చాడు.

"తాగన్నా. కాళ్లు కాలుతాయి, నీడలోకి రా."

తాయప్ప నీళ్లు తాగేదాకా పక్కనే నిలబడ్డాడు. అప్పుడు అడిగాడు.

"అన్నా, నువ్వు మొదటిరోజే చెప్పినావు గదా, మొదలుపెడితే ఆపదని?"

"చెప్పినా."

"నేను వినలేదు," అన్నాడు ఉరుకుందు.

బండి కదిలినందుకు వచ్చే ఏడుపు కాదది. తాళం లేకుండా కరెంటు అందినప్పుడు వచ్చే కేక. మొదటిరోజు ఆ ఒక్క మాట చెవిన పెట్టి ఉంటే, కదలిక పసిగట్టే గుణం తగ్గించేవాడే కాదు.

మరి షెడ్డులో ఎందుకు మోగలేదు? ఉరుకుందు బండి ముందు గొంతుక్కూర్చున్నాడు. చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా చూశాడు. ముందుచక్రం ఎడమవైపు మెలితిరిగి ఉంది. మెడ దగ్గర, హ్యాండిల్ వచ్చి బండికి కలిసే చోట, వైర్లకట్ట బిర్రుగా సాగి, బట్టలారేసిన తాడులా లాగిపట్టి ఉంది. తాను చూసినప్పుడల్లా ఆ కట్ట వదులుగా, మెత్తగా వేలాడుతూ ఉండేది. ఎందుకుండదు? తాను చూసినప్పుడల్లా హ్యాండిల్ తిన్నగా ఉండేది.

"అన్నా, మిల్లుకాడ ఈ లాక్ వేస్తావా?"

"గేటుకాడ నా కాలిపక్కనే ఉంటాది గదప్పా. ఆడ లాక్ యాంటికి?"

ఉరుకుందు తలూపాడు. రిమోటు నొక్కి అలారం మళ్లీ వేయమన్నాడు. ఒక్క వేలితో ఆ కట్టను మెల్లగా తాకాడు. బండి కెవ్వుమంది. వేలు తీశాడు. తాయప్ప ఆపాడు.

వెళ్లి ఉస్తాద్ ముందు చేయి చాచాడు. ఉస్తాద్ ఏమీ అడగకుండా టెస్టు ల్యాంపూ స్క్రూడ్రైవరూ ఆ చేతిలో పెట్టాడు.

బ్యాటరీ వైరు ఊడదీసి, కట్ట మీది నల్లటేపు విప్పితే లోపల కనబడింది. రెండు వైర్లు. ఒకదాంట్లో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. రెండోదాంట్లో తాళం తిప్పితేనే ఉంటుంది. మిద్దెమీది నీళ్లతొట్టినుంచి వచ్చే గొట్టం ఒకటి, కొళాయి తిప్పితే పారే గొట్టం ఒకటి అనుకోండి. లాక్ వేసిన ప్రతిసారీ ఇనుపమెడకు రాసుకుని, రాసుకుని, రెంటి పైతొడుగూ ఒకేచోట అరిగిపోయింది. లోపలి రాగితీగలు వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి. నేల అదిరితే చాలు, ఒకదాన్నొకటి ముద్దాడతాయి. తాళం తిప్పకుండానే కరెంటు పారుతుంది. సీటు కిందున్న పెట్టె, దొంగ వచ్చాడని కేకపెడుతుంది.

పెట్టె అబద్ధం చెప్పలేదు. తాయప్పా అబద్ధం చెప్పలేదు. చీపురు పట్టుకొచ్చిన తాయప్ప భార్య కూడా అబద్ధం ఆడలేదు. వీధి పిల్లలైతే తిట్లు కూడా తిన్నారు.

ఉరుకుందు అరిగిన ముక్క కత్తిరించి పారేశాడు. కొత్తవైరు కాస్త పొడుగ్గానే తీసుకుని అతుకుపెట్టాడు, టంకం వేశాడు, దేని తొడుగు దానికి తొడిగాడు. ఎడమకు తిప్పినా కుడికి తిప్పినా ఇనుముకు తగలకుండా, సాగకుండా, కట్టను మెడకు దూరంగా చుట్టుతిప్పి కట్టాడు. ఎప్పుడూ చేసే పనే. కానీ ఎప్పుడూ ఇంత నెమ్మదిగా చేసింది లేదు. అలారం వేసి, హ్యాండిల్ లాక్ చేసి, కట్టను తట్టాడు, ఊపాడు, పిడికిలితో గుద్దాడు. పెట్టె కదలికకు కుయ్ కుయ్ మని ఊరుకుంది. కేక వేయలేదు.

"పండుకో అన్నా," అన్నాడు.

తాయప్ప బండినీ అతన్నీ మార్చి మార్చి చూశాడు. "మళ్లీ మోగితే?"

"నేను ఈడనే కూర్చుంటా."

ఎవరూ చెప్పకుండానే ఉరుకుందు మళ్లీ ఆ డబ్బా మీద కూర్చున్నాడు. తాయప్ప పడుకున్నాడు. పడుకున్నా కాసేపు కన్ను మూయలేదు. ఒక లారీ పోయింది, తల ఎత్తాడు. ఇంకోటి పోయింది, కళ్లు మాత్రమే తెరిచాడు. మూడోది బేళ్లతో, హారను కొట్టుకుంటూ, నేల దద్దరిల్లేటట్టు పోయింది. తాయప్ప కదల్లేదు. బండీ నోరెత్తలేదు.

పొద్దు వాలుతున్నకొద్దీ రేకునీడ పక్కకు జరిగి, ఎండ తాయప్ప ముఖం మీదికి పాకింది. ఉరుకుందు లోపలినుంచి బండ్లమీద కప్పే పరదా తెచ్చి రేకు అంచుకు వేలాడదీశాడు. ఎవడో కుర్రాడు బండి షెడ్డు ముందు ఆపి, పిలవడానికి హారను మీద చేయి పెట్టబోతే, పరిగెత్తుకెళ్లి ఆ చేయి పట్టుకున్నాడు.

"ఏందన్నా?" అన్నాడు ఆ కుర్రాడు బిత్తరపోయి.

"మెల్లగా," అన్నాడు ఉరుకుందు. "మనిషి నిద్రపోతాండాడు."

వలీ ఉస్తాద్ పని ముగించి, చేతులు కడుక్కుని, రెండు గ్లాసుల్లో టీ తెచ్చాడు. ఒకటి ఉరుకుందుకిచ్చి, తాను నేలమీదే గోడకానుకుని కూర్చున్నాడు.

"లాక్ వేయడమే దాని తంటా ఉస్తాద్," అన్నాడు ఉరుకుందు గొంతు తగ్గించి. "మన షెడ్డులో లాక్ వేయం గదా."

"వేయనీయనిది నేనే గదరా," అని ఉస్తాద్ నవ్వాడు. "ఇన్నేళ్లూ ఎన్ని బండ్లు మన ముందర నోరు మూసుకున్నాయో, ఏమో."

ఉరుకుందు గ్లాసు కింద పెట్టాడు. పొద్దుటినుంచీ అడగాలనుకుంటున్న మాట అడిగాడు.

"తప్పు మెడకాడ ఉండాదని మీకు ముందే తెలుసు గదా?"

"తెలీదు."

"నిజంగా?"

"తెలిసుంటే చెప్పేవాణ్ణి," అన్నాడు ఉస్తాద్. "నువ్వు చేసేవాడివి. బండి ఒక్కటే బాగయ్యేది."

ఉరుకుందు తల దించుకుని, గ్రీజు లేని తన చేతులకేసి చూసుకున్నాడు.

ఉస్తాద్ మోకాలు పట్టుకుని లేచాడు. "మిల్లుకు పోయే పొద్దయింది. తాయప్పను లేపు," అని నమాజుకు బయల్దేరాడు.

ఉరుకుందు చాప దగ్గరికి వెళ్లాడు. ఎలా లేపాలో అతనికి తోచలేదు. పిలిస్తే అదిరిపడతాడేమో. భుజం తడితే దొంగనుకుంటాడేమో. వంగి చూస్తే, గుండెల మీది పిడికిలి విచ్చుకుని ఉంది. రిమోటు జారి చాప మీద పడి ఉంది.

అతను చాప పక్కన కూర్చున్నాడు. బీటలువారిన ఆ పాదం మీద చేయి వేసి, కాసేపు అలాగే ఉంచాడు.

"తాయప్పన్నా," అన్నాడు, పసిబిడ్డను లేపినట్టు. "డ్యూటీకి టైమయింది. నీ బండి ఈడనే ఉండాది."

తాయప్ప కళ్లు తెరిచాడు. తృప్తిగా ఒళ్లు విరుచుకున్నాడు.

బండి వైపు చూడలేదు.